కంప్యూటర్, ఇంటర్నెట్ మాటలు అర్థం చేసుకోవడం ఎలా?

ర్యామ్, సర్వర్, బ్రౌజర్, కుకీలు... ఈ మాటలు వినగానే టెన్షన్ పడేవాళ్లు సాధారణంగా ఏం చేస్తారంటే, ఎక్కడో ఒక పట్టిక సంపాదించి అర్థాలు బట్టీ పట్టేస్తారు. రెండు రోజులకల్లా అన్నీ కలగాపులగం. దానికంటే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాట స్క్రీన్ మీద ఎక్కడుందో వెతికి, ఏదైనా చేస్తే అక్కడ ఏం మారుతుందో చూడండి, పట్టిక అవసరమే ఉండదు. కింద రాసిందంతా విండోస్ కంప్యూటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. మీది వేరేదైతే మెనూల పేర్లు మారతాయి గానీ విషయం అదే.

మొదట: మీ కంప్యూటర్‌లో ఏముందో చూడండి

సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లోకి వెళ్లి, చివర్లో ఉండే అబౌట్ నొక్కండి. ప్రాసెసర్, ఇన్‌స్టాల్డ్ ర్యామ్, విండోస్ ఏ వెర్షనో, అన్నీ అక్కడే ఉంటాయి. ప్రాసెసర్ అన్నా సీపీయూ అన్నా ఒకటే, లెక్కలన్నీ చేసే చిప్ అది. (టేబుల్ కింద ఉండే పెద్ద డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం మనకు అలవాటైపోయింది. అసలు సీపీయూ ఆ డబ్బా లోపల అరచేతిలో పట్టేంత ఉంటుంది.) విండోస్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్: మీరు తెరిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ ప్రాసెసర్‌నీ మెమరీనీ పంచిపెట్టేది అదే. మ్యాక్ఓఎస్, లినక్స్, ఆండ్రాయిడ్ కూడా ఆ కోవలోవే.

అందరూ తికమకపడేది ర్యామ్ దగ్గర, స్టోరేజ్ దగ్గర. రెండూ జీబీల్లోనే చెప్తారు కాబట్టి ఆ తికమకలో తప్పేం లేదు. ర్యామ్ అంటే ఇప్పుడు నడుస్తున్న పనిని పెట్టుకునే చోటు, కంప్యూటర్ ఆపేస్తే అది ఖాళీ అయిపోతుంది. స్టోరేజ్, అంటే హార్డ్ డిస్కో ఎస్ఎస్‌డీయో, ఆపేసినా అందులోవి అలాగే ఉంటాయి. ఇప్పుడు చిన్న ప్రయోగం చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, దాంట్లో మెమరీ నొక్కండి. ఆ కిటికీని ఓ పక్కన ఉంచి బ్రౌజర్‌లో వరసగా పది ట్యాబ్‌లు తెరుస్తూ పోండి, గ్రాఫ్ పైకి పాకుతుంది, మూసేస్తే దిగుతుంది. అదే సమయంలో డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూస్తే అది దాదాపు కదలదు. కాబట్టి ఎవరైనా "మెమరీ ఫుల్ అయిపోయింది" అంటే ఏ మెమరీ అని అడగాల్సిందే: ర్యామ్ నిండితే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, స్టోరేజ్ నిండితే కొత్త ఫైల్ సేవ్ కాదు. ట్యాబ్‌లు ఎక్కువై కంప్యూటర్ ఈడుస్తుంటే కూర్చుని ఫొటోలు డిలీట్ చేయడం వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

ఇంకో చిన్న అనుమానం కూడా ఇక్కడే తీర్చేసుకోండి. 1 టీబీ అని కొన్న డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తే మోసపోయామనుకోకండి, కేబీ నుంచి ఎంబీ, ఎంబీ నుంచి జీబీ ఇలా ఒక్కో మెట్టుకీ తయారీదారు 1000 చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా.

తర్వాత: వైఫై, ఇంటర్నెట్, వెబ్ విడదీయండి

వైఫై అంటే ఇంటర్నెట్ కాదు. మీ పరికరానికీ రౌటర్‌కీ (ఇంట్లో అందరికీ నెట్ పంచే చిన్న డబ్బా) మధ్య తీగ లేకుండా ఉండే కనెక్షన్ మాత్రమే. వైఫై గుర్తు నిండుగా ఉండి కూడా "నో ఇంటర్నెట్" అని వస్తోందంటే, రౌటర్ దాకా బాగానే ఉంది, అక్కణ్నుంచి బయటికి వెళ్లే దారి తెగిందని అర్థం. ఇక ఇంటర్నెట్ అంటే ప్రపంచంలోని నెట్‌వర్క్‌లన్నీ ఒకదానితో ఒకటి కలిసిన వ్యవస్థ. దీని మూలాలు 1969లో అమెరికాలో మొదలైన ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. వెబ్ దాని మీద నడిచే ఒక సౌకర్యం మాత్రమే, దాన్ని 1989లో సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించాడు. ఈమెయిల్ వెబ్ కంటే చాలా పాతది, రే టామ్లిన్సన్ 1971లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మెయిల్ పంపాడు. వెబ్ పేజీలు చూపించే ప్రోగ్రామ్ బ్రౌజర్: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్. పేజీలు వెతికిపెట్టేది సెర్చ్ ఇంజిన్: గూగుల్, బింగ్. ఈ రెండిటికీ తేడా తెలియాలంటే పైనున్న పట్టీలో సైట్ అడ్రస్ మొత్తం టైప్ చేసి ఎంటర్ కొట్టండి, సెర్చ్ ఫలితాల పేజీ ఏదీ మధ్యలో రాకుండా నేరుగా సైట్ తెరుచుకుంటుంది.

స్పీడ్ విషయంలో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు సెకనుకు మహా అయితే 12.5 మెగాబైట్లు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో బి అక్షరం చిన్నదిగా ఉంటే బిట్, పెద్దదిగా ఉంటే బైట్. డౌన్‌లోడ్ అంటే నెట్ నుంచి మీ దగ్గరికి రావడం, అప్‌లోడ్ అంటే మీ దగ్గర్నుంచి వెళ్లడం. క్లౌడ్‌లో పెట్టానంటే ఆకాశంలో ఏమీ ఉండదు, ఏదో ఒక కంపెనీ సర్వర్‌లో, అంటే అడిగినవాళ్లకు సమాచారం అందించే కంప్యూటర్‌లో పెట్టారన్నమాట.

అడ్రస్ చదవడం నేర్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే, ఎవరూ సరిగ్గా చెప్పనిది కూడా ఇదే అనిపిస్తుంది నాకు. సైట్ అడ్రస్‌ని యూఆర్‌ఎల్ అంటారు. మొదట్లో హెచ్‌టీటీపీఎస్, రెండు స్లాష్‌లు, ఆ తర్వాత డొమైన్ పేరు, ఆపైన ఒంటి స్లాష్, దాని వెనక ఆ సైట్‌లో ఏ పేజీయో ఉంటాయి. ఆ ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్నుంచి వెనక్కి, ఎడమవైపుకి చదవండి. "టీఈ డాట్ వికీపీడియా డాట్ ఆర్గ్"లో వెనకనుంచి ఆర్గ్, వికీపీడియా, ఈ రెండూ కలిస్తేనే అసలు యజమాని ఎవరో తెలుస్తుంది, ముందున్న టీఈ అందులోని తెలుగు విభాగం. ఇప్పుడు "మీబ్యాంక్ డాట్ కామ్ డాట్ ఎక్కడిదో డాట్ నెట్" అని లింక్ వచ్చిందనుకోండి. ముందు బ్యాంక్ పేరు చూసి నమ్మేస్తాం, కానీ వెనకనుంచి చదివితే సైట్ "ఎక్కడిదో డాట్ నెట్" వాళ్లది. ఇలా వలవేసి పాస్‌వర్డ్ లాగేయడాన్నే ఫిషింగ్ అంటారు. (డాట్ సీఓ డాట్ ఇన్ లాంటి తోకలుంటే రెండు ముక్కలు కాదు, మూడు చూడాలి.) హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. మీకూ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అది చెప్తుంది, అవతలివాడు మంచివాడని కాదు. దొంగ సైట్‌కి కూడా అది ఉండొచ్చు.

మీరు టైప్ చేసిన పేరుని ఐపీ అడ్రస్‌గా, అంటే ఆ సర్వర్‌ని గుర్తుపట్టే అంకెలుగా మార్చేది డీఎన్‌ఎస్. అది పనిచేయకపోతే నెట్ ఉన్నా సైట్లు తెరుచుకోవు. ప్రస్తుతానికి అంత తెలిస్తే చాలు.

చివరగా కుకీలు, కాష్

కుకీ అంటే సైట్ మీ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న సమాచారం, మీరు లాగిన్ అయి ఉన్నారని మళ్లీ వచ్చినప్పుడు సైట్‌కి తెలిసేది దానివల్లే. కాష్ అంటే పేజీలు త్వరగా తెరుచుకోవాలని బొమ్మలూ అవీ మీ కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంచుకోవడం. ఇన్‌కాగ్నిటో, అంటే హిస్టరీ దాచుకోకుండా బ్రౌజర్ తెరిచే కిటికీ, మూసేస్తే ఆ కిటికీలో పోగైన కుకీలు, హిస్టరీ పోతాయి, అయితే మీరు ఏ సైట్‌కి వెళ్లారన్నది నెట్ ఇచ్చే కంపెనీకి మాత్రం తెలిసే అవకాశం ఉంటుంది. ఏదైనా సైట్ పాత పేజీనే చూపిస్తుంటే ముందు కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి చూడండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. కాకపోతేనే బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కాష్ తుడవండి, కుకీల పక్కన టిక్ మాత్రం తీసేయండి, లేదంటే అన్ని సైట్లలోనూ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చోవాలి.