పెద్దబాతుల దాణాలో ప్రొటీన్ తగ్గిస్తే: మునగాకు ఎంత, లైసిన్ ఎంత

పెద్దబాతు గడ్డి మేసే పక్షి. మంచి పచ్చిక ఉంటే దాణా చాలా తగ్గించవచ్చు. సోయా చెక్క తగ్గించి ఆకుపొడి కలపాలన్న ఆలోచన దీనికి నప్పేది అందుకే. అయితే బాతు పిల్లలకు మాత్రం ఇది వద్దు. మొదటి నాలుగు వారాలు 20 శాతం ప్రొటీన్ ఇవ్వాల్సిందే. తర్వాత 15 శాతం చాలు. దాన్ని 14కు దించే లెక్క ఇది.

50 కిలోల దాణాకు: మొక్కజొన్న రవ్వ 27.5 కిలోలు, నూనె తీసిన తవుడు 14.5, సోయా చెక్క 4, మునగాకు పొడి 2.5 కిలోలు. సున్నపురాయి పొడి 600 గ్రాములు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 500, ఉప్పు 150, లైసిన్ 125, మిథియోనిన్ 40 గ్రాములు. ఈ చివరి రెండూ ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు, విడిగా పొడిగా దొరుకుతాయి. విటమిన్-మినరల్ మిశ్రమం సంచి మీద రాసిన మోతాదులో వేయాలి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మునగాకులో 25 శాతం ప్రొటీన్ ఉందని సోయా మొత్తం తీసేసి ఆకు నింపుతారు. పై లెక్కలో ఆకు నుంచి వచ్చే ప్రొటీన్ ఒకటిన్నర శాతం కూడా లేదు. దాని అసలు మేలు కెరోటిన్, విటమిన్లు. సోయా తగ్గినప్పుడు పడిపోయేది లైసిన్, మిథియోనిన్. ఆ లోటు తీర్చేది ఆ రెండు చిన్న పొట్లాలే. వాటిని మానేసి ఆకు పెంచితే పీచు ఎక్కువై పక్షి దాణా వదిలేస్తుంది. దాణాలో ఆకుపొడి 5 శాతం దాటొద్దు.

ఆకును నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వేస్తే రంగుతో పాటు కెరోటిన్ కూడా పోతుంది. గుప్పిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి. మెత్తగా మడత పడితే ఇంకా తడి ఉన్నట్టే, మూట కడితే బూజు పడుతుంది. ఈనెలు జల్లెడ పట్టి తీసేయండి. నాలుగైదు కిలోల పచ్చి ఆకుకు కిలో పొడి వస్తుంది.

కలపడంలో ఒక మెలకువ ఉంది. 40 గ్రాముల మిథియోనిన్‌ను నేరుగా 50 కిలోల కుప్పలో చల్లితే ఒక మూలే ఉండిపోతుంది. ముందు లైసిన్, మిథియోనిన్, విటమిన్ మిశ్రమాన్ని రెండు కిలోల రవ్వలో బాగా కలిపి, దాన్ని పది కిలోలకు, ఆపైన మొత్తానికి పెంచుకుంటూ పోవాలి. రెండు మూడు వారాల్లో అయిపోయేంతే కలపండి.

పాత దాణా నుంచి వారం రోజుల్లో మెల్లగా మార్చండి. వారానికోసారి అవే పది పక్షులను తూచండి. బరువు ఆగినా, ఈకలు చిరుగుపట్టినా, ఒకదాని ఈకలు ఇంకొకటి పీకుతున్నా ముందు అనుమానించాల్సింది మిథియోనిన్‌నే.

చవకని వేరుశనగ చెక్క వేసేముందు వాసన చూడండి. బూజు వాసన వస్తే అందులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. బాతు జాతికి అది కోడికన్నా ప్రమాదం. వాసన లేనంత మాత్రాన క్షేమమనీ కాదు. సుబాబుల్ ఆకులో మైమోసిన్, పత్తి చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థాలు ఉంటాయి, రెండూ వద్దు. పచ్చి సోయా గింజలు కూడా వద్దు, వేయించినవైతే పర్వాలేదు.

పేడ కలిపిన నీళ్లలో పెంచే నాచులాంటి మొక్క అజొల్లా ఉంటే దాన్ని పచ్చిమేతగానే లెక్కేయండి. కిలో పచ్చి అజొల్లాలో తొమ్మిది వందల గ్రాములకు పైగా నీళ్లే. పేడ వాసన పోయేదాకా కడిగి, నీళ్లు కారిపోయాక దాణా తొట్టికి దూరంగా వేరే పళ్లెంలో పెట్టండి. తడి తగిలిన దాణా ఆ రోజే పులుస్తుంది.