యూకేజీ పిల్లల చివరి మూడు వారాలు: మా కోనసీమ బడిలో ఏం చేస్తామంటే

మార్చి మధ్యలో ఒంటిపూట బడి మొదలయ్యిందంటే చాలు, యూకేజీ పిల్లల చేతిలో పెన్సిల్ ఉంటుంది గానీ చూపు కిటికీలోంచి బయటికి పోతుంది. సిలబస్ అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇక ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిచ్చేదాకా ఏం చేయించాలి? చాలా చోట్ల చేసిందే మళ్లీ రివిజన్ చేయిస్తారు, లేకపోతే డ్యాన్సు ప్రాక్టీసుతో రోజులు గడిపేస్తారు.

నేను పదిహేడేళ్లుగా యూకేజీకే చెబుతున్నాను. ఇప్పుడు ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లెటూరి బడిలో ఉన్నాను, నా గదిలో పద్దెనిమిది మంది. ఈ చివరి రోజుల్లో నేను రెండే పనులు పెట్టుకుంటాను. బిడ్డ తాను ఎంత ఎదిగిందో తన కళ్లతో చూసుకోవాలి. వచ్చే ఏడు వెళ్లబోయే గదంటే దానికి బెంగ పోవాలి. కింద రాసినవన్నీ ఆ రెండింటి కోసమే.

ముందు పురికొస సంగతి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఒక్కొక్కరినీ గోడకి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా పురికొస కొలిచి కత్తిరించి, అట్టముక్క మీద పేరు రాసి కట్టి ఉంచుతాను. ఏప్రిల్‌లో అదే కొసని తీసి మళ్లీ అదే గోడ దగ్గర పట్టుకుంటాం. ఈ వయసు పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి, కొస తల దాకా రాదు. నడినెత్తికి కాస్త కిందే ఆగిపోతుంది. ఆ క్షణంలో వాళ్ల మొహాలు చూడాలి! కిందటేడు ఒక పాప కొసని రెండుసార్లు లాగి చూసి, "టీచర్, తాడు పొట్టిదైపోయిందండి" అంది. కొస అంతే ఉంది, నువ్వే పెరిగావమ్మా అని చెప్పాక, మధ్యాహ్నం దాకా మునివేళ్ల మీదే నడిచింది. పెరిగినంత మేర వేరే రంగు దారం ముడివేసి ఇంటికి ఇచ్చేయండి. ఒకరితో ఒకరిని మాత్రం పక్కపక్కన పెట్టి కొలవకండి. పొట్టిగా ఉన్న బిడ్డకి అది ఏడాది పండగ కాకుండా పోతుంది. జూన్‌లో కొలవలేదా? నిరుటి చెప్పుల జత ఇంటి నుంచి తెమ్మనండి. ఇప్పటి పాదం అందులో పట్టకపోవడం చూస్తే అదే లెక్క.

తర్వాత ఏడాది పుస్తకం. నాలుగు తెల్లకాగితాలు మధ్యకి మడిచి దారంతో కుట్టేస్తే చాలు. మొదటి పేజీలో జూన్‌లో వాళ్లు రాసిన పేరు అంటించండి, ఎదురు పేజీలో ఇప్పుడు రాయించండి. తర్వాతి పేజీల్లో బొమ్మ వాళ్లది, మాట వాళ్లది, రాత మనది. ఇక్కడ ఒక్కటే నియమం: బిడ్డ ఏమంటే అదే రాయాలి, దిద్దకూడదు. ఒక బాబు వాళ్ల నాన్న కోటిపల్లి రేవులో పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద, పనిచేస్తాడు. వాడు చెప్పింది ఇది: "మా నాన్న పంటు ఒడ్డుకి తగిలినప్పుడు డబ్ మంటది. నాకు ఆ డబ్ ఇష్టం." దాన్ని నేను "చప్పుడు" అని మార్చి రాసి ఉంటే వాడి పేజీ వాడిది కాకుండా పోయేది. రోజుకి ముగ్గురి చొప్పున కూర్చోబెట్టుకుంటే వారంలో అయిపోతుంది.

చేతిపనుల కోసం బజారు నుంచి మెరుపు కాగితాలు, థర్మాకోల్ కొనొద్దు. మన దగ్గర కొబ్బరాకు ఉంది. ఊళ్లో ఎవరి తోటలోనో దింపు జరిగే రోజు కనుక్కుని ఒక పచ్చిమట్ట అడగండి, ఎవరూ కాదనరు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది బూర. మరీ లేత రెబ్బ చిరిగిపోతుంది, ఎండింది విరిగిపోతుంది, పచ్చగా కాస్త ముదిరింది కావాలి. ఈనెని మీరే తీసేయండి, అంచు చేతులు కోస్తుంది. మూరెడు రెబ్బ తీసుకుని సన్నటి కొస దగ్గర పెన్సిలంత సందు ఉండేలా బిగువుగా చుట్టడం మొదలుపెట్టాలి. ఒక్కో చుట్టూ కింది చుట్టుని సగం కప్పుతూ పైకి పోవాలి, అప్పుడు అది గరాటులా విచ్చుకుంటుంది. చివర ఊడిపోకుండా ఈనె ముక్క మీరే గుచ్చండి. సన్నటి మూతిని రెండు వేళ్లతో నొక్కి చదును చేసి, పెదాల మధ్య పెట్టి ఊదాలి. మొదట్లో గాలే వస్తుంది. మూతి ఇంకొంచెం నొక్కితే పలుకుతుంది. ఐదేళ్ల వేళ్లకి ఒక బూర పూర్తవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మూడు నాలుగుసార్లు విడిపోతుంది కూడా. తొందరపడి మీరు చుట్టి ఇవ్వకండి. రెబ్బల్ని తడిగుడ్డలో చుట్టి ఉంచితే బడి వదిలేదాకా వాడవు. పక్క గది టీచరుకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, పద్దెనిమిది బూరలు ఒక్కసారి మోగితే పాఠం సాగదు.

తాటిముంజలు వచ్చేస్తే లెక్కలు అక్కడే. ఒక్కో కాయలో మామూలుగా మూడు ముంజలుంటాయి, రెండే ఉన్నవీ తగులుతాయి. ఐదు కాయలు ముందు పెట్టి ఎన్ని వస్తాయో చెప్పమనండి, కొట్టాక లెక్కపెట్టించండి. కత్తి పని ముంజలమ్మే ఆయనకే వదిలేయండి. తొక్క తీసి, చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించండి. గొంతులో అడ్డుపడే అవకాశం ఉంది కాబట్టి పరుగులు తీసేటప్పుడు ఇవ్వొద్దు.

ఇక ఒకటో తరగతి. నేను ఏటా అడుగుతాను, "అక్కడికి వెళ్తే మీకు ఏం బెంగ?" అని. చదువు గురించి ఒక్కరూ చెప్పరు. బాత్‌రూమ్ ఎక్కడ? ఆయమ్మ వస్తుందా? అన్నం పెద్దవాళ్లతో కలిసి తినాలా? అందుకే రెండు సార్లు తీసుకెళ్తాను. మొదటిసారి గది ఖాళీగా ఉన్నప్పుడు: బెంచీ మీద ఎక్కి కూర్చోవాలి, నీళ్ల కుళాయి తిప్పాలి, బాత్‌రూమ్ తలుపు గడియ తీసి వేసి చూడాలి. రెండోసారి ఒకటో తరగతి పిల్లలు ఉన్నప్పుడు అరగంట. ఒక్కో పెద్ద బిడ్డకి ఒక చిన్న బిడ్డని అప్పజెబుతాం. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా అంతా కలిపి ఒకే పునాది దశ అంది. అంటే యూకేజీకీ ఒకటో తరగతికీ మధ్య గోడ ఉండకూడదు. ఆ టీచరుతో కూర్చుని ఒక్కో బిడ్డ గురించి పది నిమిషాలు మాట్లాడండి, మార్కుల షీటు కంటే అది పనికొస్తుంది.

గ్రాడ్యుయేషన్ డే సంగతి కూడా చెప్పాలి, తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి. నేను ఇంతకుముందు చేసిన బడిలో ఒక ఏప్రిల్ సాయంత్రం నల్ల గౌన్లు, టోపీలు అద్దెకి తెప్పించారు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. ఉక్కపోతకి ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు, ఇంకో పాప స్టేజీ మీదే గౌను తడిపేసుకుని ఏడ్చింది. ఎదురుగా ఫోన్లన్నీ వీడియో తీస్తున్నాయి. ఆ పాపని ఎత్తుకుని వెనక్కి తీసుకెళ్లింది నేనే. తర్వాత నెల రోజుల పాటు బడి పేరెత్తితే ఏడ్చేదని వాళ్లమ్మ చెప్పింది.

ఇప్పుడు మేం పొద్దున ఎనిమిదింటికి, వేపచెట్టు కింద చాపలు పరిచి, నలభై నిమిషాల్లో ముగిస్తాం. కాటన్ బట్టలు, మంచినీళ్లు, ముందే అందరినీ బాత్‌రూమ్‌కి పంపడం. స్టేజీ లేదు, మైకు లేదు. బిడ్డ తన పుస్తకం తీసుకెళ్లి అమ్మ ఒళ్లోనో తాతయ్య ఒళ్లోనో కూర్చుని ఒక్కో పేజీ చూపిస్తుంది. చదవడం రాని నాన్నమ్మలకి బొమ్మలే చాలు. ఏ బిడ్డ ఇంటి నుంచైనా ఎవరూ రాలేకపోతే ఆ బిడ్డ పక్కన ఆయమ్మ కూర్చుంటుంది, ఈ సంగతి ముందురోజే కనుక్కుని ఉంచుకోండి. చివర్లో అందరూ కలిసి బూరలు ఊదుతారు, అంతే.

పిల్లలు వెళ్లిపోయాక ఇంటికి వెళ్లే ముందు ఒక కొత్త పురికొస ఉండ, ఖాళీ అట్టముక్కలు బీరువాలో పెట్టేయండి. జూన్‌లో బడి తెరిచే రోజు ఏడుపుల మధ్య అవి వెతుక్కోవడం కుదరదు.