అమెరికా, చైనాల మానవ హక్కులను పోల్చి వాదించే పద్ధతి

మానవ హక్కుల విషయంలో అమెరికా మెరుగా, చైనా మెరుగా అన్న వాదన చాలాసార్లు ఒకే దారిలో నడుస్తుంది. ఒకరు చైనా వాయవ్య ప్రాంతమైన షిన్‌జియాంగ్‌లోని వీగర్ ముస్లింల నిర్బంధాన్ని ఎత్తుతారు, ఎదుటివారు క్యూబాలో అమెరికా నడిపే సైనిక జైలు గ్వాంటనామోను ఎత్తుతారు. ఒకరు 1989లో సైన్యం నిరసనకారులను అణచివేసిన తియానన్మెన్ అంటే మరొకరు 2020లో పోలీసు చేతిలో చనిపోయిన నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ అంటారు. గంట గడిచేసరికి ఇద్దరి దగ్గరా చెరొక నేరాల చిట్టా తయారవుతుంది తప్ప పోలిక మాత్రం జరగదు. నిజంగా ఏదైనా తేల్చుకోవాలనుకునే వారికి పనికివచ్చే పద్ధతి ఒకటి ఉంది, కాకపోతే దానికి కొంత ఓపిక కావాలి.

మొట్టమొదట ఏ హక్కు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలో అన్ని హక్కులూ ఒకేచోట ఉన్నాయి. ప్రచ్ఛన్న యుద్ధకాలపు పేచీల వల్ల అవి 1966లో పౌర, రాజకీయ హక్కులకు ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులకు ఒకటి చొప్పున రెండు ఒడంబడికలుగా చీలాయి. అమెరికా మొదటిదాన్ని 1992లో ధ్రువీకరించింది, అంటే దానికి కట్టుబడతానని లాంఛనంగా ఒప్పుకుంది. రెండోదానిపై 1977లో సంతకం చేసి, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. చైనా రెండోదాన్ని 2001లో ధ్రువీకరించింది. మొదటిదానిపై 1998లో సంతకం చేసి అక్కడే ఆగిపోయింది. అంటే ఎవరికి అనువైన కొలబద్దను వారు ఎంచుకున్నారు. అందువల్ల ఎదుటివారు చైనా నాలుగు దశాబ్దాల్లో దాదాపు 80 కోట్ల మందిని కడు పేదరికం నుంచి బయటపడేసిందని గుర్తుచేస్తే, అది జీవనోపాధి హక్కు గురించిన ప్రశ్నకు గట్టి జవాబే అవుతుంది. అయితే 2015 జులై 9న మొదలుపెట్టి వందలాది న్యాయవాదులను, కార్యకర్తలను ఎందుకు నిర్బంధించారు, ప్రశ్నించారు అన్నదానికి అది జవాబు కాదు. అలాగే అమెరికాలో వైద్యం ఖర్చు భరించలేని వారి గురించి అడిగినప్పుడు, అక్కడ అధ్యక్షుణ్ణి బహిరంగంగా తిట్టవచ్చు అనడమూ జవాబు కాదు.

తరువాతి మెట్టు “మీ సంగతేమిటి” అనే ఎదురుప్రశ్నను సంభాళించుకోవడం. గురివింద గింజ తన నలుపెరగదని మనవాళ్లు ఏనాడో అన్నారు. సోవియట్ యూనియన్ ఈ ఆయుధాన్ని బాగా వాడింది. తమ దేశం గురించి అడిగినప్పుడల్లా అమెరికాలో నల్లజాతివారిపై జరిగే మూకహత్యలను చూపేది. ఆ మాట ఎత్తడం వెనుక ఉద్దేశం ఏదైనా, ఎత్తిన విషయం అబద్ధం కాదు. పాఠశాలల్లో వర్ణ విభజనపై విచారణ జరుగుతున్నప్పుడు, ఈ వివక్ష కమ్యూనిస్టు ప్రచారానికి మేత అవుతోందని 1952 డిసెంబరులో అమెరికా న్యాయశాఖే తమ సుప్రీంకోర్టుకు రాతపూర్వకంగా నివేదించింది. కనుక ఎదురుప్రశ్నలో నిజం ఉంటే ఒప్పుకుని, ఆ వెంటనే మొదటి ప్రశ్నకు తిరిగి రావాలి. దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకొకటి ఉంది. “దొందూ దొందే” అనేసి చేతులు దులుపుకోవడం తటస్థతగా కనిపిస్తుంది గానీ, లెక్క చూసే శ్రమను తప్పించుకోవడమే దాని అసలు పని.

లెక్క అన్నాను కనుక ఒకదాన్ని విప్పి చూద్దాం. మా ఇంట ఒక పెళ్లిలో న్యూజెర్సీ నుంచి వచ్చిన మా తమ్ముడు “చైనాలో నోరెత్తితే లోపలేస్తారు చిన్నాన్నా” అంటే, “మీ అమెరికాలో లోపలున్నంత మంది అక్కడ లేరుగదరా” అని మా చిన్నాన్న అంటించారు. పైకి చూస్తే చిన్నాన్న మాటే నెగ్గాలి. అమెరికాలో సుమారు 18 లక్షల మంది ఖైదీలు ఉన్నారు. నాలుగు రెట్లకు పైగా జనాభా ఉన్న చైనా చూపే సంఖ్య దాదాపు 17 లక్షలు. అయితే అమెరికా సంఖ్యలో ఫెడరల్, రాష్ట్ర కారాగారాలతోపాటు కౌంటీ జైళ్లలోని విచారణ ఖైదీలు కూడా ఉన్నారు. చైనా సంఖ్యలో ఉన్నవారు శిక్షపడిన ఖైదీలు మాత్రమే. విచారణలో ఉన్నవారు, షిన్‌జియాంగ్‌లో “వృత్తి శిక్షణ కేంద్రాలు” అని పేరుపెట్టిన శిబిరాల్లో గడిపినవారు అందులో లేరు. కనుక అమెరికా ఖైదీల నిష్పత్తి ప్రపంచంలోని అత్యధిక నిష్పత్తుల్లో ఒకటి అనడం రుజువైన మాట. చైనాది ఇంత తక్కువ అనడం సగమే తెలిసిన మాట. మరణశిక్షల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో 2024లో 25 మందికి శిక్ష అమలైంది, ప్రతి ఒక్కరి పేరూ తేదీతో సహా దొరుకుతుంది. చైనాలో ఆ సంఖ్య ప్రభుత్వ రహస్యం. 2009 నుంచి హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా చైనాకు అంకె ప్రకటించడం మానుకుంది.

ఇక్కడ అమెరికా పక్షం వారు తొందరపడి చప్పట్లు కొట్టకూడదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఖైదీలను పెట్టిన చిత్రహింసలపై సెనేట్ కమిటీ 2014 డిసెంబరులో సారాంశాన్ని బయటపెట్టిన మాట నిజమే. ఆరువేల పేజీలు దాటిన పూర్తి నివేదిక మాత్రం రహస్యంగానే ఉండిపోయింది, నిర్బంధంలో జరిగిన మరణాలపై సాగిన నేర దర్యాప్తు 2012లోనే ఎవరిపైనా అభియోగం లేకుండా ముగిసింది. బయటపడటం వేరు, న్యాయం జరగడం వేరు. వాదనలో ఈ రెంటినీ విడివిడిగా అడగాలి.

ఆధారాల విషయానికి వస్తే, అమెరికా విదేశాంగ శాఖ ఏటా ఇతర దేశాలపై నివేదిక ఇస్తుంది, తన మీద ఇవ్వదు. 2025 ఆగస్టులో వచ్చిన సంచికను బాగా కుదించింది కూడా. చైనా ప్రభుత్వ సమాచార కార్యాలయం బదులుగా అమెరికాపై నివేదికలు వెలువరిస్తుంది. తమాషా ఏమిటంటే వాటిలో చాలా భాగం అమెరికా పత్రికల నుంచి, అక్కడి సర్వేల నుంచి ఏరుకున్నదే. అందువల్ల దాన్ని పారవేయనవసరం లేదు, అది చూపిన మూలాన్ని తెరిచి సరిచూసుకుంటే చాలు. ఐరాస పత్రాలు చదివేటప్పుడు మాత్రం ప్రతి క్రియాపదాన్నీ పట్టి చూడాలి. షిన్‌జియాంగ్‌పై 2022 ఆగస్టు 31న వచ్చిన నివేదిక అక్కడ జరిగినవి మానవాళిపై నేరాలు “కావచ్చు” అన్నది. “అవును” అనలేదు, జాతి నిర్మూలన అన్న మాట వాడలేదు. ఆ “కావచ్చు”ను మింగేసేవారు ఒకరైతే, నివేదికే లేనట్టు మాట్లాడేవారు మరొకరు. అదే ఏడాది అక్టోబరు 6న ఆ నివేదికపై చర్చ జరపాలన్న ప్రతిపాదన ఐరాస మానవ హక్కుల మండలిలో 17–19 ఓట్లతో వీగిపోయింది. ఆ ఓట్లు దేశాల అవసరాలను చెబుతాయే గానీ, శిబిరాల్లో ఏం జరిగిందో చెప్పవు. అప్పుడు ఓటింగుకు దూరంగా ఉన్న 11 దేశాల్లో భారత్ ఒకటి.

ఆ మాట రాగానే వాదన మన గుమ్మంలోకి వస్తుంది, వచ్చినప్పుడు దాటవేయకూడదు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికను చైనా 1988లో, అమెరికా 1994లో ధ్రువీకరించాయి. 1997లో సంతకం చేసిన భారత్ ఇంతవరకు ధ్రువీకరించలేదు. ఇటువంటి ప్రశ్నను ఎదుర్కొన్న తీరుకు తెలుగునాట హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ ఉదాహరణ ఉంది. ఎన్‌కౌంటర్ హత్యలపై పోలీసులను నిలదీస్తూనే, నక్సలైట్ల హింసను కూడా హక్కుల దృష్టితో ప్రశ్నించాలని ఆయన పట్టుబట్టారు. ఆ విభేదంతోనే పౌరహక్కుల సంఘం నుంచి బయటకు వచ్చి, 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదికను ఏర్పరిచారు.