బీచ్ రోడ్డులో తినే ముందు చేప ముఖం చూడండి

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇల్లు సత్రమే. వచ్చినవాళ్ళందరికీ రెండే కోరికలు: ఒకటి కైలాసగిరి, రెండోది సముద్రం ఎదురుగా కూర్చుని చేపలు తినడం. కైలాసగిరితో ఏ పేచీ లేదు. చేపల దగ్గరే వస్తుంది తంటా. ఒక హోటల్లో మార్చిలో తిన్న వేపుడు ప్లేటు కూడా నాకాలనిపించేలా ఉంటుంది. అదే హోటల్లో అదే వేపుడు మేలో రబ్బరు. పన్నెండేళ్ళుగా డబ్బులు పోసి నేర్చుకున్న సంగతులు ఇవి.

ముందు క్యాలెండర్ చూడండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు. సరిగ్గా అప్పుడే పిల్లలకు సెలవులు, మా ఇంటికి చుట్టాలు. ఓ మే నెలలో కరీంనగర్ నుంచి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. సర్వర్ చందువ గురించి చెబుతూ "పొద్దున్నే వచ్చిందండీ" అన్నాడు. "చూశావా వదినా, తాజా చేపట!" అని ఆమె మురిసిపోయింది. పాపం అతను అబద్ధం చెప్పలేదు. పొద్దున్నే వచ్చింది నిజమే, ఐసు పెట్టెలో. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలుకాదు కాబట్టి మేలో అటునుంచి సరుకు రావచ్చు. తినకూడదని కాదు, తాజా చేప ధర ఇచ్చి తినకూడదని.

అందుకే ఆ రెండు నెలలూ నేను చెరువు సరుకే అడుగుతాను. పండుగప్ప, వనామీ రొయ్యలు చెరువుల్లో పెంచేవే కనుక వేట ఆగినా వాటికి లోటుండదు. ఇంకో దారి చిన్న చేపలు. మోటారు లేని నాటుపడవలకు ఈ నిషేధం వర్తించదు. ఒడ్డుకు దగ్గర్లో పడ్డ కవళ్ళో, నెత్తళ్ళో ఉన్నాయేమో అడగండి. మెనూ కార్డులో ఉండవు. ఓసారి భీమిలి వైపు ఒక రేకుల షెడ్డు హోటల్లో అడిగితే, "అవి మేం తినడానికి వండుకున్నామమ్మా" అంటూనే కవళ్ళ పులుసు పోశారు. ముక్కుపుటాలు అదిరే కారం. మా ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

ఇక అసలు సంగతి. మెనూలో చేప పేరు ఎదురుగా ధర బదులు "సైజును బట్టి" అని ఉంటే, పచ్చి చేపను పళ్ళెంలో పెట్టి తెమ్మనండి. మొహమాటపడొద్దు. కన్ను తేటగా, కాస్త ఉబ్బి ఉండాలి. తెల్లగా మసకేసి లోపలికి పోతే వద్దనండి. మొప్ప ఎత్తి చూపించమనండి, లోపల ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. తర్వాత మీ ఎదురుగానే తూయించి, ఆ బరువుకు మొత్తం ఎంతవుతుందో అప్పుడే అడగండి. ఒకసారి ఇవేవీ చేయకుండా చందువ చెప్పాను. బిల్లులో 850 గ్రాములు. పళ్ళెంలోకి వచ్చింది మా చిన్నాడి అరచేతికి కాస్త పెద్దది. అడిగితే "అది శుభ్రం చేయకముందు బరువు మేడమ్" అన్నారు. పేగులూ పొలుసూ పోతే బరువు తగ్గుతుంది, కాదనను. కానీ శుభ్రం చేయకముందు దాన్ని చూసిందెవరు? అప్పట్నుంచి కాటా మీద ఉండగానే ఫోన్‌లో ఫొటో తీస్తున్నాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

అపోలో ఫిష్ జోలికి పోకండి. పిండీ, కారం, కరివేపాకూ చుట్టేశాక లోపలున్నది ఏ చేపో దాన్ని కన్న తల్లి కూడా గుర్తుపట్టదు. చాలాచోట్ల బాసా అనే పెంపకపు చేప ముక్కలే వేస్తారు. దానికి సముద్రం దాకా రావడం దేనికి, కరీంనగర్‌లోనే దొరుకుతుంది. పద్నాలుగు పేజీల మెనూలో తందూరీ, చైనీస్ కూడా అంతే.

మా అత్తగారు శనివారం నీచు ముట్టరు. అలాంటివాళ్ళు వెంట ఉంటే చేపలు వేయించిన నూనెలోనే గోబీ కూడా వేయిస్తారా అని ముందే అడగండి. నిజం చెప్పేవాళ్ళు కాస్త నసుగుతారు. అప్పుడు పెరుగన్నం చెప్పడం మేలు.

గోవా వెళ్ళొచ్చినవాళ్ళు "సముద్రంలో సూర్యుడు మునుగుతుంటే భోంచేద్దాం" అంటారు. ఇక్కడ మునగడు. మనది తూర్పు తీరం, సాయంత్రానికి సూర్యుడు మన వీపు వెనక కొండల మీద ఉంటాడు. ఏడు దాటితే ఎదురుగా చీకటి, అలల చప్పుడు అంతే. ఆ చీకటికి "సీ వ్యూ" టేబుల్ అని అరగంట నిలబెడతారు. పౌర్ణమి నాడు మాత్రం చంద్రుడు నీళ్ళలోంచి రాగి పళ్ళెంలా లేస్తాడు, ఆ రోజు ఎంతసేపు నిలబడ్డా దండగ కాదు. పౌర్ణమి పీతలు డొల్ల అని మా అమ్మమ్మ అనేది. కాబట్టి ఆ రోజు పీతలు వద్దు, రొయ్యలు చెప్పుకోండి.

బిల్లు వచ్చాక మూడు చూడాలి. కాటా మీద చూసిన బరువే వేశారా? జీఎస్టీ మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం, రెండున్నర చొప్పున రెండు వరుసల్లో ఉంటుంది. సర్వీస్ ఛార్జీ అని ఇంకో వరుస ఉంటే తీసేయమనండి. అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022లోనే వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. "వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమంటారా?" అని మెల్లగా అంటే చాలు, కొత్త బిల్లు వచ్చేస్తుంది. మిగిలిన డబ్బులో కొంత సర్వర్ చేతికే ఇవ్వండి.

ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే, సముద్రాన్నీ భోజనాన్నీ విడదీయండి. సాయంత్రం ఆర్కే బీచ్ ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినండి, నిమ్మకాయ ఎక్కువ పిండమనండి. తర్వాత ఊళ్ళోకి వచ్చి, ఊరివాళ్ళు తినే మెస్‌లో చేపల పులుసుతో అన్నం తినండి.

నిషేధం లేని నెలల్లో వస్తే ఇంకా మంచి దారి ఉంది. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి బేరమాడి కొనుక్కుని, అక్కడే కోయించుకుని ఇంటికి తెచ్చుకోవడం. అన్నిటికంటే చవక, అన్నిటికంటే రుచి. కానీ వండేది నేనే అవుతాను కనుక, ఈ సంగతి మా ఆడపడుచుకి ఇంతవరకూ చెప్పలేదు.