మన ఎండలకు గట్టిగా నిలిచే చాక్లెట్ గనాష్ కప్పులు

ఓవెన్ లేదని చాక్లెట్ డెజర్ట్ ఆశ వదులుకోకండి. వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే చిక్కటి మిశ్రమమే గనాష్, దానికి డార్క్ చాక్లెట్, ఫ్రెష్ క్రీమ్ ఉంటే చాలు. మామూలుగా రెండూ సమానంగా వేస్తుంటారు గానీ, చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో బటర్, దాదాపు 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, నెల్లూరు, ఒంగోలు వైపు మే నెలలో ఎండ 40 దాటుతుంది కదా, అందుకే మనం 200 గ్రాముల చాక్లెట్‌కి 100 మిల్లీలీటర్ల క్రీమ్ మాత్రమే పెట్టుకోవాలి.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక తప్పకుండా చదవండి. కోకో బటర్ బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది అసలు చాక్లెట్ కాదు, కాంపౌండ్ చాక్లెట్, ఎండకి ఆగుతుంది కానీ నాలుక మీద మైనంలా తగులుతుంది, నేనైతే దీనికి వాడను.

చాక్లెట్ సన్నగా తరిగి, క్రీమ్ అంచుల్లో బుడగలు రాగానే దింపి చాక్లెట్ మీద పోసేయండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత మధ్యలోంచి మెల్లగా కలుపుతూ రండి. చిటికెడు ఉప్పు, అర చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి పడితే రుచి ఎంత చిక్కగా ఉంటుందో! గిన్నె, గరిటె మాత్రం పొడిగా ఉండాలి, చాక్లెట్ విడిగా కరిగించేటప్పుడు రెండు చుక్కల నీళ్ళు పడినా ముద్దకట్టేస్తుంది. అలా అయితే టెన్షన్ పడకండి, పారేయకండి కూడా, వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ కలిపితే మళ్ళీ నున్నగా వస్తుంది.

చిన్న కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టండి, తినే పది నిమిషాల ముందు మాత్రమే బయటికి తీయండి.