పాడుబడ్డ ఇంటి యజమానిని వెతికే ముందు

• తాళం విరిగి ఉన్నా లోపలికి అడుగు పెట్టొద్దు. అది ఎవరో ఒకరి ఇల్లే. పైగా చెదలు పట్టిన దూలాలు, పాముల భయం.

• బయటి నుంచే డోర్ నంబరు రేకు, కరెంటు మీటరు ఫోటో తీసుకోండి. నాలుగు హద్దులూ రాసుకోండి: తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ వీధి. పాత దస్తావేజుల్లో ఇంటిని గుర్తుపట్టేది ఎక్కువగా వీటితోనే.

• పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఇంటి పన్ను ఎవరి పేరున ఉందో అడగండి. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు. ఎప్పుడో పోయిన తాతగారి పేరే ఏళ్ల తరబడి నడుస్తుంటుంది.

• ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న పాత స్థలంలో, చాలా ఇళ్లకు రిజిస్టరైన కాగితమే ఉండదు. కాబట్టి ఈసీలో ఏమీ రాకపోతే ఓనర్ లేడనుకోకండి.

• ఇరుగుపొరుగు పెద్దవాళ్లకు ఎందుకు వెతుకుతున్నారో ముందే చెప్పండి. లేకపోతే ‘కొంటారట’ అన్న మాట పుట్టి బ్రోకర్లు దిగుతారు.

• వారసుల్లో ఒకరు దొరికి ‘ఇల్లు నాదే’ అన్నా వెంటనే అడ్వాన్స్ ఇవ్వకండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి. ఆడపిల్లలకూ వాటా ఉంటుంది. అమెరికాలో ఉన్న చెల్లెలి సంతకం కూడా కావాలి.