మీ ఊరి ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ చరిత్రను వెలికితీయడం ఎలా?

అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతివారిని రహస్యంగా స్వేచ్ఛా ప్రాంతాలకు చేర్చిన మార్గాలకూ, మనుషులకూ పెట్టిన పేరే ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’. ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాల పాత ఊళ్లలో ఏదో ఒక ఇంటిని చూపించి ‘బానిసలను దాచింది ఈ నేలమాళిగలోనే’ అని చెప్పేవారు తప్పక కనిపిస్తారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు స్థానిక చరిత్ర రాయబోతే ముందు చేతికందేదీ అలాంటి కథే. ఆ ఇంటిని కాసేపు పక్కన పెట్టండి. పారిపోయి వచ్చిన మనిషి ఆచూకీతో మొదలుపెట్టండి.

ముందుగా పటం తీయండి. ఒహాయో నదికి ఆవలి గట్టు కెంటకీ, అక్కడ బానిసత్వం చట్టబద్ధం. ఈవలి గట్టున రిప్లీ వంటి ఊళ్లలో అది లేదు. అయినా 1850 నాటి చట్టం ప్రకారం, పారిపోయిన వారికి ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అందుకే అన్నం పెట్టి, రాత్రికి రాత్రే పై ఊరు దాటించినవారిలో చాలామంది ఏదీ రాసిపెట్టలేదు. రాసినవారు వెంటాడినవారే.

కాబట్టి రెండో పని, యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలు చదవడం. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’, కార్నెల్ విశ్వవిద్యాలయం వారి ‘ఫ్రీడమ్ ఆన్ ది మూవ్’ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి పేరుతో కాదు, నదికి ఆవల ఉన్న కౌంటీల పేర్లతో వెతకండి. 1849లో మేరీలాండ్‌లో వచ్చిన ఒక ప్రకటన ‘మింటీ’ అనే యువతిని వర్ణిస్తుంది: వయసు సుమారు 27, ఎత్తు దాదాపు అయిదడుగులు. తాను తప్పించుకున్నాక తిరిగి వెళ్లి ఎందరినో విడిపించుకొచ్చిన హ్యారియట్ టబ్‌మన్ ఆమే. పట్టుకోవడానికి రాసిన ఆనవాళ్లే ఇప్పుడు మనకు ఆధారం కావడం చిత్రమే.

కోర్టు దస్త్రాలను వదలకండి. పారిపోయి వచ్చిన జాన్ ప్రైస్‌ను 1858లో పట్టుకున్నవారి నుంచి ఒహాయోలోని ఓబర్లిన్, వెల్లింగ్టన్ ప్రజలు విడిపించినప్పుడు 37 మందిపై అభియోగాలు మోపారు. సాయపడినవారి పేర్లు అలా ప్రభుత్వ కాగితాలకే ఎక్కాయి.

జనాభా లెక్కలు చూసేటప్పుడు జాగ్రత్త. 1850, 1860 బానిసల జాబితాల్లో సాధారణంగా యజమాని పేరే ఉంటుంది, బానిసలకు వయసు, లింగం, రంగు మాత్రమే. స్వేచ్ఛా జనుల జాబితాలో పుట్టిన రాష్ట్రం కూడా ఉంటుంది. అయితే కెంటకీలో పుట్టినంత మాత్రాన పారిపోయి వచ్చినట్టు కాదు.

ఇక జ్ఞాపకాలు. ఒహాయో ఆచార్యుడు విల్బర్ సీబర్ట్ 1890ల్లో వృద్ధుల నుంచి, వారి పిల్లల నుంచి సేకరించిన ఉత్తరాలు పెద్ద నిధి. కానీ అవి దశాబ్దాల తర్వాతి మాటలు, పైగా ఎక్కువగా తెల్లవారి కుటుంబాలవి. రిప్లీలోనే ఇనుప పోత కర్మాగారం నడుపుతూ, రాత్రిళ్లు నది దాటి వెళ్లి మనుషులను తెచ్చిన జాన్ పార్కర్ ఒకప్పుడు తానూ బానిసే. ఆయన చెప్పిన కథ పుస్తకంగా వచ్చింది 1996లో! ఫిలడెల్ఫియాలో పారిపోయి వచ్చినవారికి సాయపడిన నల్లజాతి కార్యకర్త విలియం స్టిల్ మాత్రం వారిని కూర్చోబెట్టి అప్పటికప్పుడే రాసుకున్నారు. 1850లో తన ఎదుట గోడు చెప్పుకుంటున్న మనిషి సొంత అన్నేనని ఆ మాటల మధ్యలోనే గ్రహించారు. అలాంటి రాతకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇప్పుడు ఆ ఇంటి దగ్గరికి వెళ్లండి. దస్తావేజుల్లో కట్టిన ఏడాది చూడండి. బానిసత్వం రద్దయిన 1865 తర్వాతిదైతే కథ అక్కడితో సరి. సొరంగమంటే చాలాసార్లు నీటి తొట్టో, కూరగాయల గదో. బొంతల మీద రహస్య సంకేతాలు కుట్టేవారన్న మాటకు ఆనాటి రుజువు లేదు. టబ్‌మన్ 300 మందిని తెచ్చారన్నదీ అతిశయోక్తే. సుమారు 13 ప్రయాణాల్లో దాదాపు 70 మంది అన్నది ఇప్పటి చరిత్రకారుల లెక్క.

ఆధారాలు గట్టిగా ఉంటే, 1998 చట్టంతో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ చేపట్టిన, అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్‌తో సంబంధమున్న చోట్ల ‘నెట్‌వర్క్ టు ఫ్రీడమ్’ జాబితాకు దరఖాస్తు చేయవచ్చు. అంతకుముందు, పారిపోయినవారిలో ఎందరో చేరిన కెనడాలో, ఒంటారియోలోని చాథమ్, బక్స్‌టన్ ప్రాంతాల 1861 జనాభా లెక్కలు తిరగేయండి. ప్రకటనలో ఉన్న మనిషి అక్కడ వేరే పేరుతో ఉండవచ్చు. వయసు, పుట్టిన చోటు, భార్యాపిల్లల పేర్లు కలిపి చూడండి.